రాయి లేని ఫోటోలు

కిందటి వారం కిరణ్‌ను శేషమ్మ షెడ్డులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి వచ్చాం. ఇంకా అక్కడే కూర్చున్నాడు. ఎదురుగా ఫెబీ, అతను రెండు వారాలు కష్టపడి తయారుచేసిన వెబ్‌సైటును తన ఫోనులో తెరుస్తోంది. ఆమె పెదవులు గట్టిగా బిగించుకుని ఉంది. కోపంతో కాదు, నవ్వు ఆపుకోవడానికి.

వ్యవహారం ఇక్కడి దాకా ఎలా వచ్చిందో మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. తర్లుపాడు రోడ్డులో ఉన్న ఈ పలకరాయి షెడ్డు శేషమ్మ భర్త పెట్టింది. ఆయన పోయాక తొమ్మిదేళ్లుగా ఆమే నడుపుతోంది. ఒకప్పుడు ఇక్కడి నుంచి బడిపిల్లల పలకలు లారీల్లో పోయేవి. ఇప్పుడు పిల్లల చేతుల్లో పలక లేదు. గోడలకు అతికించే రాయి, వరండాల్లో పరిచే రాయి తయారుచేసి పదకొండు మంది ఆడవాళ్లు ఇక్కడ బతుకుతున్నారు. ఈ ఏడు వాటిని అడిగేవాళ్లూ తగ్గిపోయారు. షెడ్డు ఉన్న స్థలం శేషమ్మ బావగారు గురవయ్యది. ఈ నెల ముప్పయ్యో తేదీ లోపల బయటి ఊరి నుంచి ఒక్క మంచి ఆర్డరైనా రాకపోతే షెడ్డు మూసేసి, స్థలాన్ని సిమెంటు ఇటుకల వాళ్లకు ఇచ్చేస్తానని ఆయన అందరి ముందూ చెప్పేశాడు. శేషమ్మ తన తమ్ముడి కొడుకు కిరణ్‌ను పట్టుకుంది. అతనికి మార్కాపురంలో ఫ్లెక్సీల దుకాణం ఉంది. మూడువందల నలభై ఫోటోలతో సైటు పెట్టాడు. నెలన్నర గడిచింది. ఫోను మోగలేదు. చివరికి, షెడ్డులో పాతికేళ్లుగా రాయి ఏరే మణెమ్మ, గిద్దలూరులో ఇంట్లో కూర్చుని ఏదో కంపెనీకి ఇలాంటి పనే చేసే తన కూతురు ఫెబీని పిలిపించింది.

ఇవాళ పదకొండో తేదీ.

సైటు తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. మణెమ్మ టీ పోసి ఇచ్చింది. ఫెబీ తాగేసి గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది. అప్పటికి మొదటి ఫోటో సగం దిగింది. ముందు గురవయ్య తలపాగా కనిపించింది, తరవాత నుదురు, తరవాత మీసాలు. పూర్తిగా వచ్చాక చూస్తే ఆయన రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. ఆయన పక్కన గుండ్రటి చట్రంలో పూలదండతో శేషమ్మ భర్త. పైన ఎర్ర అంచున్న పసుపుపచ్చ అక్షరాల్లో షెడ్డు పేరు. కింద ఫోను నంబరు, దాని కింద స్వాగతం సుస్వాగతం. అటూ ఇటూ రెండు నెమళ్లు. వీటన్నిటి నడుమ జేబురుమాలంత రాయి. మిగతా ఫోటోలన్నీ ఇదే అచ్చులో ఉన్నాయి.

"అన్నా, ఇందులో మనం అమ్మేది ఏది?" అని అడిగింది ఫెబీ.

కిరణ్ నొచ్చుకున్నాడు. పదేళ్లుగా ఫ్లెక్సీలు వేస్తున్నానని, రోడ్డు మీద పోయేవాడు బండి ఆపి చూడాలంటే పేరూ నంబరూ పెద్దమనుషులూ అంతా ఒక్కచోటే ఉండాలని, తాను వేసిన ఫ్లెక్సీ చూసి పొదిలి నుంచి కూడా మనుషులు వచ్చారని చెప్పుకొచ్చాడు. ఫెబీ అంతా విన్నది. అతని పనితనానికి వంక పెట్టలేదు. ఆ అక్షరాల అంచులు అంత శుభ్రంగా కొయ్యడం తనకు రాదని కూడా ఒప్పుకుంది. అప్పుడు అసలు మాట చెప్పింది.

"రోడ్డు మీద పోయేవాడికి కళ్లుంటాయన్నా. ఇక్కడ ముందు చూసేది మనిషి కాదు, మిషను. అది బొమ్మను మనలాగా చూడదు. ఈమధ్య కొంచెం కొంచెం పోల్చుకుంటోంది గానీ, బొమ్మ పక్కన మనం రాసిన మాటలే దానికి ఆధారం. నువ్వు అంతా బొమ్మ లోపలే రాసినావు. పక్కన ఒక్క ముక్క రాయలా."

ఇంకా ఉన్నాయి తప్పులు. ఫోటోలన్నీ వాట్సాప్‌లో వచ్చినవి వచ్చినట్టే ఎక్కించడం వల్ల వాటి పేర్లన్నీ తేదీలూ అంకెలే. మూడువందల నలభై మంది పిల్లలను పేర్లు పెట్టకుండా బడికి పంపినట్టు ఉంది అన్నది ఫెబీ. పైగా అన్నిటినీ ఫ్లెక్సీ సైజులో ఉంచాడు. గోడంత ఫోటోను అరచేయంత ఫోనులో దించాలంటే ఎంతసేపు పడుతుంది? చూసేవాడు అంతసేపు ఆగడు. వెనక్కి పోయి ఇంకో సైటు చూసుకుంటాడు. అదీగాక అన్నీ ఒకే పేజీలో పోశాడు.

శేషమ్మ ఇవన్నీ చేతులు కట్టుకుని విన్నది. ఆమెకు అర్థం కావలసింది ఒక్కటే. ఇవి సరిచేస్తే ముప్పయ్యో తేదీ లోపల ఫోను మోగుతుందా? ఫెబీ అబద్ధం చెప్పలేదు. మోగవచ్చు, మోగకపోవచ్చు. ఇలా ఉంటే మాత్రం మోగదు.

సరిచేయడానికి అడ్డం అప్పుడే గేటు తీసుకుని లోపలికి వచ్చింది. గురవయ్య. ఆయనకు ఆ సైటంటే చాలా ఇష్టం. చుట్టాలందరికీ పంపించాడు. కొమరోలులో ఉన్న వియ్యంకుడికి రెండుసార్లు పంపించాడు. ఇప్పుడు ఆ మూడువందల నలభై చోట్ల నుంచీ ఆయన్ను తీసేయాలని ఎవరు చెప్పాలి? స్థలం ఆయనది. కిరణ్ స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నాడు. శేషమ్మ కొంగు సర్దుకుంది. ఆమె నోరు తెరవబోయేలోపు ఫెబీయే ఆయనకు కుర్చీ వేసి, ఆయన పేరు కొట్టి చూపించింది. తర్లుపాడు గురవయ్య అని వెతికితే ఎవరెవరో వచ్చారు, ఎక్కడో తెలంగాణలో ఒక గురవయ్య ట్రాక్టరు మీద కూర్చుని వచ్చాడు, ఈయన మాత్రం రాలేదు.

"మూడువందల నలభై చోట్ల ఉన్నారు పెదనాయనా, ఒక్కచోట కూడా పేరు లేదు. అన్నిచోట్లా తీసేసి ఒక్క పేజీలో పెద్దగా పెట్టి, కింద మీ పేరు, ఊరు, ఈ షెడ్డుకు మీరేమవుతారో రాస్తా. అప్పుడు మీ పేరు కొడితే మీరే వస్తారు."

గురవయ్య ఆ ట్రాక్టరు మనిషిని కాసేపు చూశాడు. తలపాగా లేని ఫోటో మాత్రం పెట్టొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పదింటికే కిరణ్ ఉత్సాహంగా వచ్చాడు. పని అయిపోయిందన్నాడు. ఫోటోలన్నీ చిన్నవి చేశాడు, గురవయ్యనూ నెమళ్లనూ తీసేశాడు, ప్రతి ఫోటోకీ పక్కన మాటలు రాసేశాడు. ఫెబీ తెరిచి చూసింది. మొదటి ఫోటోకు మార్కాపురం మేలురకం పలకరాయి అని ఉంది. రెండోదానికి మార్కాపురం మేలురకం పలకరాయి. నూరోదానికి అదే, మూడువందలోదానికి అదే. పిల్లలందరికీ ఒకటే పేరు పెట్టినావు, హాజరు పిలిస్తే బడి మొత్తం లేచి నిలబడతది అని ఆమె అనేసరికి రాయి చెక్కుతున్న ఆడవాళ్లు కూడా ఉలులు ఆపి నవ్వారు. కిరణ్ కూడా నవ్వాడు. మంచివాడే. తొందర మనిషి, అంతే.

మరి ఏం రాయాలి? చూపులేని మనిషి ఫోనులో అడిగితే ఆ రాయి గురించి ఏం చెబుతామో అది రాయాలన్నది ఫెబీ. అలాంటివాళ్లు కూడా ఫోను చేత ఈ మాటలే చదివించుకుంటారట. రంగేమిటి, చేత్తో తడిమితే ఎలా ఉంటుంది, ఎక్కడ పరచొచ్చు, ఎక్కడ పరచకూడదు. ఇల్లు కట్టుకునేవాడు ఏమని అడుగుతాడో అదే గూగుల్‌ను కూడా అడుగుతాడు. మన జవాబు అక్కడ ఉండాలి. కిరణ్ తలగోక్కున్నాడు. అతని కంటికి అన్నీ నల్లరాళ్లే. శేషమ్మకు రకాలు తెలుసుగానీ ఒక్కోదాని గుణం చెప్పేంత కాదు. అందరూ మణెమ్మ వైపు చూశారు.

మణెమ్మకు చదువు లేదు. షెడ్డులోకి వచ్చిన ప్రతి రాయీ ఆమె చేతి మీదుగానే పోతుంది. వేలి మెటికతో రెండుచోట్ల తట్టి, తల ఓ పక్కకు వంచి, మోత విని, ఇది గోడకు, ఇది నేలకు, ఇది లోపల చీలి ఉంది పక్కన పెట్టండి అని చెబుతుంది. పాతికేళ్లలో ఆమె మంచిదన్న రాయి పగిలిందని తిరిగి రాలేదు. ఇప్పుడు ఫెబీ లాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, అమ్మా ఇది ఎట్లాంటిదో చెప్పు అన్నది.

మణెమ్మ తెర వైపు చూసింది. మెటికతో దాన్నే తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. రాయిని తట్టకుండా మాట చెప్పనన్నది. ఎంత బతిమాలినా అదే మాట. ఫోటోలో అన్నీ బాగుంటాయి, రేపు ఎవరి ఇంట్లోనో పగిలితే మణెమ్మ చెప్పింది అంటారు అని ఆమె పట్టుదల.

దాంతో ఆఫీసు షెడ్డులోంచి యార్డులోకి మారింది. ఇసుక మోసే చక్రాల బండి మీద గోనెసంచి పరిచి లాప్‌టాప్ పెట్టారు. కిరణ్ బండి తోస్తాడు, ఫెబీ పక్కన నడుస్తుంది, శేషమ్మ వాళ్ల మీద గొడుగు పడుతుంది. ఫోటోలో ఉన్న రాయి యార్డులో ఎక్కడుందో మణెమ్మ వెతికి, తట్టి, విని, అప్పుడు చెబుతుంది. ఫెబీ అది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైపు చేస్తుంది.

మణెమ్మ చెప్పే మాటలు పుస్తకాల మాటలు కావు. "ఇది తడిసిందంటే కాకి రెక్కంత నలుపు, ఆరితే బూడిద. వానకొట్టే వరండాలో వేసుకోవచ్చు, కాలు జారదు" అనేది. ఇంకో రాయి దగ్గర, ఎండ పడే గోడకు పెడితే సాయంత్రం ఆరింటికి రాగిచెంబులాగా ఉంటుందనేది. ఒకదాన్ని తట్టి మొహం చిట్లించి, స్నానాల గదికి మాత్రం వద్దు, నాలుగేళ్లకు పొర లేస్తుంది అన్నది. మన రాయికి మనమే వంక పెట్టుకుంటామా అని శేషమ్మ అడిగింది. ఫెబీ ఆ వాక్యం ఉంచేసింది. స్నానాల గదికి ఏ రాయి వద్దు అని వెతికేవాళ్లు కూడా ఉంటారని, వాళ్లు ఇది చదివితే మిగతా రాళ్ల గురించి చెప్పిందంతా నమ్ముతారని ఆమె లెక్క. తొలి పేజీలో ఇంకో మాట కూడా చేర్చింది. మా మణెమ్మ తట్టి చూడని రాయికి మేం మాట చెప్పం.

రోజుకు నలభై, ఒక్కోరోజు యాభై. పన్నెండో తేదీన మొదలుపెట్టారు. ఆదివారం మణెమ్మా ఫెబీ గుడికి పోయి వచ్చి మధ్యాహ్నం కూర్చున్నారు. పంతొమ్మిదో తేదీకి మూడువందల పద్దెనిమిది ఫోటోలు పూర్తయ్యాయి. ఇక ఇరవై రెండు మిగిలాయి.

ఆ ఇరవై రెండూ సైటు మొత్తంలో అందమైనవి. లేత మీగడరంగు రాయి, దాని మీద ఎండుటాకుల ఈనెల్లా సన్నటి గోధుమరంగు గీతలు. కొన్ని ఫోటోల్లో అదే రాయి తడితో మెరుస్తోంది, ఒకదానిలో ఎవరి ఇంటి మెట్లకో పరిచి ఉంది. మణెమ్మ మొదటిదాన్ని చూసి యార్డంతా తిరిగింది. గోడవారగా ఉన్న పాత దొంతులు చూసింది. నీళ్ల తొట్టి వెనక పట్టా కప్పి ఉంచినవి కూడా తీయించింది. బండి తోస్తూ ఆమె వెనకాల తిరుగుతున్న కిరణ్ మెల్లమెల్లగా వెనకబడ్డాడు. మూడో చుట్టు అయ్యేసరికి బండి ఒక్కటే ఎండలో నిలబడి ఉంది, అతను వేపచెట్టు నీడలో ఉన్నాడు.

మణెమ్మ చీర కుచ్చెళ్లకు అంటిన దుమ్ము దులుపుకుంది.

"ఇది మన గుట్ట రాయి కాదు శేషమ్మక్కా. ఉలితో పొర లేపిన రాయి అంచు ఇట్ల ఉండదు, ఇది మిషనుతో కోసింది. తట్టి చూద్దామంటే రాయేది?"

శేషమ్మ వేపచెట్టు దగ్గరికి నడిచింది. మేనల్లుడి ఎదురుగా నిలబడింది, అంతే. కిరణ్ ఒకటొకటిగా చెప్పేశాడు. తాను యార్డులో తీసినవి మూడువందల పద్దెనిమిదే. నల్లరాయి మీద నల్లరాయి చూసి చూసి తనకే విసుగు పుట్టింది. మధ్యమధ్య ఏదన్నా తెల్లగా ఉంటే కంటికి బాగుంటుందని నెట్‌లో వెతికి తీసుకుని పెట్టాడు. ఎవరి సైటో గుర్తు లేదు. కిందనున్న వాళ్ల పేరు కోసేసి మన పేరు వేశాడు. ఇందులో తప్పేమిటో అతనికి నిజంగానే తెలియదు. వాళ్ల వృత్తిలో అది రోజూ జరిగేదే.

"ఫ్లెక్సీలో నెమలి పెడతాం కదత్తా. ఆ నెమలి ఎవరిదని ఇంతవరకూ ఎవరన్నా అడిగినారా?"

జవాబు వెనకనుంచి మణెమ్మ చెప్పింది.

"నెమలిని ఎవరూ కొనుక్కుపోరు నాయనా. రాయిని కొనుక్కుపోతారు."

కిరణ్ తన దగ్గరున్న ఒక్క వాదనా బయటికి తీశాడు. ఇంకా పదకొండు రోజులే ఉంది. ఈ ఇరవై రెంటిని చూసి ఎవరన్నా ఫోను చేస్తే చాలు, వాళ్లు వచ్చాక మన రాళ్లు చూపించి ఒప్పించవచ్చు. గిరాకీ లోపలికి రావడమే కష్టం, వచ్చాక మాట్లాడుకోవచ్చు. పనిచేస్తున్న ఆడవాళ్లలో ఒకరిద్దరికి ఆ మాట బాగానే ఉన్నట్టు అనిపించింది. షెడ్డు పోతే వాళ్లకు మళ్లీ మిరప కోతలకు గుంటూరు వైపు పోవడమే.

శేషమ్మ అక్కడే రాళ్ల దొంతి మీద కూర్చుంది. ఆమెకూ ఆశ ఉంది. ఆ మెట్ల ఫోటో ఆమెకు కూడా చాలా నచ్చింది, తన భర్త ఉంటే ఇలాంటిది చేసేవాడని మొదటిసారి చూసినప్పుడు అనుకుంది కూడా. తొమ్మిదేళ్లు మోసిన షెడ్డు. అయినా ఆ వచ్చేవాడు ఎవరో లారీ మాట్లాడుకుని, గేటు ముందు దిగి, ఆ ఫోటో చూపించి ఏదమ్మా అని అడిగితే తాను ఏ దొంతి వైపు చెయ్యి చూపించాలి? ఎంత ఆలోచించినా ఆ చెయ్యి ఎటూ లేవలేదు.

"తీసెయ్ ఫెబీ" అన్నది. "ఇరవై రెండూ."

ఫెబీ అప్పుడే తీసేసింది. అయితే ఒక మాట కూడా చెప్పింది. సైటులోంచి పోయినా, వెతికేచోట పాత బొమ్మలు కొన్నాళ్లు అలాగే కనపడుతుంటాయి. తుడిచెయ్యమని గూగుల్‌ను అడిగిందట, అది తుడవడానికి రోజులు పడుతుంది. కిరణ్ ఆ రోజు భోజనం చేయకుండా పోతుంటే మణెమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తన డబ్బాలోంచి సంగటి ముద్ద పెట్టింది.

తరవాతి వారం చిత్రంగా గడిచింది. సైటుకు ఎంతమంది వచ్చారో ఫెబీ ఫోనులో ఒక గీత చూపిస్తుంది. అంతకుముందు నెలంతా కలిపి ఇరవై మంది. అందులో సగం గురవయ్య చుట్టాలు. ఇరవై రెండో తేదీన గీత కొంచెం లేచింది. ఇరవై నాలుగున ఒక్కరోజే ముప్పయ్యారు మంది వచ్చారు. వానకు జారని రాయి వరండాకు కావాలని ఇంగ్లీషులో కొడితే గూగుల్ రెండో పేజీలో మణెమ్మ మాటలు కనపడ్డాయి. ఆడవాళ్లంతా మూగి చూశారు. మణెమ్మ మాత్రం అందులో తన పేరెక్కడో చూపించమని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసి, ఇంత చిన్నగానా అని వెళ్లిపోయింది. గురవయ్య రోజుకోసారి వచ్చి తన పేరు కొట్టించుకుని చూసుకుంటున్నాడు. ట్రాక్టరు మనిషి కిందికి పోయాడు.

గీత లేచింది. ఫోను మాత్రం లేవలేదు.

ఇరవై ఏడో తేదీ ఉదయం పదకొండు గంటలప్పుడు అది మోగింది. తెలియని నంబరు. షెడ్డులో ఉలుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. గురవయ్య అప్పుడే వచ్చి కుర్చీ లాక్కుంటున్నాడు, సగం కూర్చుని ఆగిపోయాడు. శేషమ్మ చెయ్యి తుడుచుకుని, అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టింది.

మగ గొంతు. పెద్దమనిషి మాట. పేరు చెప్పకుండానే విషయంలోకి వచ్చాడు. నెట్‌లో మీ షెడ్డు పేరుతో ఒక ఫోటో చూశానన్నాడు. మీగడరంగు రాయి, ఆకుల ఈనెల్లాంటి గీతలు, మెట్లకు పరిచింది. ఆ రాయి తనకు కావాలి. కొంచెం కాదు, రెండు లారీలు. ఉంటే ఇవాళే వచ్చి చూసుకుంటాడు.

రెండు లారీలు అనగానే గురవయ్య కుర్చీ వదిలేసి శేషమ్మ ఎదురుగా వచ్చాడు. ఉందని చెప్పమని చేత్తో సైగ చేశాడు. ఆయనకు ఈ ఫోటోల కథ ఎవరూ చెప్పలేదు. కిరణ్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఫెబీ తల్లి భుజం పట్టుకుంది. మూడు రోజుల్లో మూతపడే షెడ్డుకు వచ్చిన మొదటి ఫోను ఇది. ఉందని ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషి వస్తాడు. వచ్చాక ఏదో ఒకటి చూపించవచ్చు, మాట్లాడవచ్చు, బతిమాలవచ్చు. ఎదురుగా పదకొండు మంది ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"ఆ రాయి మాది కాదన్నా" అన్నది. "మా పిల్లగాడు తెలియక ఎవరిదో ఫోటో పెట్టినాడు. తీసేసినాం గానీ ఇంకా కనపడతా ఉంది. మా దగ్గర ఉండేది నల్ల పలకరాయి, పచ్చది, రాగిరంగుది. అది కావాలంటే వచ్చి చూసుకోండి. మీరడిగింది మాత్రం లేదు. మిమ్మల్ని తిప్పించినందుకు తప్పుగా అనుకోవద్దు."

గురవయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని దొంతి మీద కూలబడ్డాడు. అటువైపు ఫోను పెట్టేశాడేమోనని శేషమ్మ తెర వైపు చూసింది. లేదు, అంకెలు నడుస్తున్నాయి. వెనక ఎక్కడో రైలు కూత.

"తెలుసమ్మా" అన్నది ఆ గొంతు. "ఆ రాయి మాది. బేతంచెర్లలో మా యార్డులో కోసిందది. ఆ మెట్లు మా ఇంటి మెట్లు, ఆ ఫోటో నేనే తీసినా. ఇన్నాళ్లూ మీ సైటు ఎవరి కంటా పడలేదు కాబట్టి నాకూ తెలియలా. వారం నుంచి పడతా ఉంది."

దొంతి మీదున్న గురవయ్య తల ఎత్తి కిరణ్ వైపు చూశాడు.

"ఉందని చెప్పింటే ఇక్కడి నుంచి నేరుగా పోలీసుల దగ్గరికి పోవాలని కాగితాలు తెచ్చుకున్నా. లేదన్నావు. అందుకని మీ దగ్గరికే వస్తా. మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుంటున్నా. నాతో ఇంకొకాయన ఉన్నాడు. ఆయన మీ సైటులో మాటలు చదివి, మణెమ్మ గారిని చూడాలని బెంగళూరు నుంచి వచ్చినాడు. ఆమెను ఎక్కడికీ పోనీయొద్దు. ఆ ఫోటో పెట్టిన పిల్లగాడిని కూడా."

ఫోను ఆగిపోయింది. స్టేషను నుంచి షెడ్డుకు ఆటోలో ఎంతో దూరం లేదు. గురవయ్య నెత్తిమీది చేతులు దించి, వచ్చేది కొనేవాడా కొట్లాడేవాడా అని అడిగాడు. శేషమ్మకు తెలియదు. మణెమ్మ మాత్రం లేచి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, దొంతుల్లో అన్నిటికంటే మంచి రాయి కోసం వెతకడం మొదలుపెట్టింది.

కిరణ్ ఆనుకుని నిలబడ్డ గోడ దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. వెనక గేటు ఊగుతోంది.